అవతలివాడు తలూపాలి

మా అత్తగారింట్లో ఎవరూ ఎవరితోనూ వాదించరండీ. ప్రార్థన చేస్తారు.

గుడివాడలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే నాకీ సంగతి తెలిసొచ్చింది. సాయంత్రం లైట్లు వేయగానే ముందు గదిలో చాప పరుస్తారు. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, తర్వాత కళ్ళు మూసుకుని ఒక్కొక్కరూ పైకే ప్రార్థన. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. దివిసీమలో, అవనిగడ్డ పక్క పల్లెలో, మా నాన్న కూడా రోజూ చాప వేసేవాడు. కాబట్టి నాకు ప్రార్థన కొత్త కాదు, మా అత్తయ్య చేసే ప్రార్థనే కొత్త. "ప్రభువా, కొత్తగా వచ్చిన నీ బిడ్డకు చేపల పులుసులో ఉప్పు ఎంత వెయ్యాలో నీవే నేర్పించు తండ్రీ" అంది ఆవిడ. నేను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది, మొహం నిండా భక్తి. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. పాలు తాగే వయసు నుంచీ నాలిక్కి అలవాటైన మాట, ఎవరు ప్రార్థన ముగించినా దానంతటదే వచ్చేస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది ఈ ఇంట్లో. ఏ విషయమైనా ఎటూ తేలకపోతే "ప్రార్థనలో పెడదాం" అంటారు. ఒకసారి ప్రార్థనలో పెట్టి అందరూ ఆమెన్ అన్నాక ఇక దాన్ని ఎత్తకూడదు. ఎత్తితే దేవుడికి ఎదురు మాట్లాడినట్టే. పాత ఫ్రిజ్ మార్చాలా వద్దా అన్నది అలాగే తేలింది. మా ఆడపడుచుకి వచ్చిన ఏలూరు సంబంధం అలాగే తప్పిపోయింది. ఫ్రిజ్జుకీ దేవుడికీ ఏం సంబంధమండీ అని అడగాలని నోటి చివరిదాకా వచ్చేది. కొత్త కోడల్ని కదా, మింగేసేదాన్ని.

మా ఆయన చెడ్డవాడైతే ఇదంతా చెప్పడం ఎంత తేలికయ్యేదో. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. రొయ్యల మేత అమ్మే కంపెనీలో పని. పొద్దున్నే బండేసుకుని చెరువుల వెంట తిరుగుతాడు. ఇంకో కంపెనీ మేత వాడే ఆసామితో గట్టు మీద నిలబడి మాట్లాడి మాట్లాడి, తన మేత కొనిపించడమే ఆయన ఉద్యోగం. ఆ నోటికి అంత బలముందని నాకు చాలా కాలం తెలీదు. ఇంట్లో ఆయన రెండు మాటలు మాట్లాడితే గొప్ప.

గ్రూప్స్ రాసి ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకోవాలన్నది పెళ్ళికి ముందు నుంచీ నా పిచ్చి. ఒకసారి రాశాను, పోయింది. తర్వాత పెళ్ళి, పాప. పాపకి మూడేళ్ళప్పుడు మళ్ళీ నోటిఫికేషన్ పడింది. వయసు లెక్క చూసుకుంటే నాకదే ఆఖరి అవకాశం, మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు దాటిపోతుంది. ప్రిలిమ్స్ ఇంట్లోనే కూర్చుని గట్టెక్కాను. మెయిన్స్‌లో మాత్రం వ్యాసం పేపరు ఉంటుంది. ఒక విషయం ఇచ్చి, ఏదో ఒక పక్షం తీసుకుని గంటలోపల ఒప్పించమంటారు. పోయినసారి నా కొంప ముంచింది ఆ పేపరే.

బందరులో ఒక మేష్టారున్నారని, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారని, వ్యాసం ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేమని ఎవరో చెప్పారు. ఊరి పేరు మచిలీపట్నం అని రైలు టిక్కెట్టు మీద ఉంటుంది గానీ మా వైపు ఎవరి నోట విన్నా బందరే. ఒక శనివారం, ఊరికే కనుక్కుని వస్తానని ఇంట్లో చెప్పి, గుడివాడలో పాసింజరెక్కాను.

మేష్టారు ఇంటి వరండాలో పెద్ద బల్ల ఉంది. మేం నలుగురైదుగురం చుట్టూ కూర్చున్నాం. ఆయన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి, వరి పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చెయ్యడాన్ని ప్రభుత్వం ఆపాలా అక్కర్లేదా, రాయండి అన్నారు. నాకు పండగే అనుకున్నాను. మా నాన్న పొలం పక్కనే చెరువు తవ్వారు, ఆ ఉప్పునీరంతా ఊటగా మా మడిలోకి దిగింది, నాట్లు వేసిన చోట తెల్లగా పొరలు తేలాయి. చూసినదాన్ని నేను. కడుపు మంటంతా రాసిపారేశాను. అవతలివాళ్ళ అభ్యంతరాలకు జవాబు కూడా రాయాలి కాబట్టి ఆఖర్న రెండు ముక్కలు చేర్చాను: కొందరు స్వార్థపరులు డబ్బు కోసం చెరువులు తవ్వుతున్నారు, వారి వాదనలో పస లేదు.

మేష్టారు చదివి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"ఎవరమ్మా ఈ స్వార్థపరులు?"

"ఎవరో ఒకరండీ. చెరువులవాళ్ళు."

"నీకు తెలిసినవాళ్ళలో ఒక్కరన్నా ఉన్నారా?"

"మా ఆయనేనండీ. చెరువులకి మేత అమ్ముతారు."

"ఆయన స్వార్థపరుడా?"

వరండా అంతా నవ్వులు. నాకు మొహం కందిపోయింది. మేష్టారు నవ్వలేదు. "ఎవరూ అనని మాట వాళ్ళ నోట్లో పెట్టి, దాన్ని నువ్వే చీల్చి చెండాడితే మార్కులెవరిస్తారు? దిద్దేవాడు చెరువు ఆసామి తమ్ముడే కావొచ్చు. నీ అవతలివాడి పేరాని నిజంగా ఆ మాట అనే మనిషికి చదివి వినిపించు. 'అవును, నేననేది ఇదే' అని తలూపాలి. తలూపేదాకా తిరగరాయి. తలూపాక అప్పుడు 'అయినా' అని మొదలుపెట్టు" అన్నారు.

ఆ రోజు ఆయన చెప్పినవన్నీ ఇవాళ్టికీ నా చెవుల్లో ఉన్నాయి. వాళ్ళ అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది ఒక్కటే పట్టుకో, మూడు పట్టుకుంటే దేనికీ టైము చాలదు. నిజమైనంత మేరకు ఒప్పుకో, ఒప్పుకున్నంత మాత్రాన ఓడినట్టు కాదు, నువ్వు న్యాయంగా మాట్లాడే మనిషివని దిద్దేవాడికి తెలుస్తుంది. అవతలివాణ్ణి ఆఖర్న పిలవకు. ముందు నీ మాట నిలబెట్టుకో, మధ్యలో అతన్ని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టు, మర్యాదగా విను, జవాబు చెప్పి పంపించెయ్, ముగింపు మాత్రం నీదే అయ్యుండాలి. "ఆఖర్న పిలిచావా, బెల్లు కొట్టేసరికి నీ పేపర్లో అతనే మాట్లాడుతుంటాడు" అన్నారు.

మర్నాడు ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక మా ఆయన్ని కూర్చోబెట్టి ఆ పేరా చదివాను. స్వార్థపరులు అన్న దగ్గరే లేచాడు. "ఎవరే స్వార్థపరులు? కాలవ చివరి ఊళ్ళకి నీళ్ళే రావు, తెలుసా నీకు? వచ్చే నీళ్ళలోనే సగం ఉప్పు. కోతకొచ్చిన చేను తుపానుకి పడుకుంటే కౌలు రైతు ఎక్కడికెళ్ళాలి? చెరువు తవ్వాకే కదా అప్పు తీర్చుకుని పిల్లల్ని చదివించుకుంటున్నాడు?" ఈ మనిషి ఇన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మాట్లాడుతుంటే రాసుకుంటూ పోయాను. తిరగరాసి మళ్ళీ చదివాను. ఊహూఁ అన్నాడు. ఇంకోసారి రాశాను. అప్పుడు తలూపాడు. "ఆఁ, ఇదీ మాటంటే."

"అయినా," అని చదివాను. ఒకడు బాగుపడటానికి తవ్విన చెరువు పక్కవాడి పొలాన్ని అడక్కుండా చంపేస్తోంది, తవ్వుకునే హక్కు ఉన్నవాడికి పక్క మడిలోకి ఉప్పు వదిలే హక్కు ఎవరిచ్చారు అని రాశాను. మా నాన్న పేరెత్తలేదు. ఆయన నా చేతిలో కాగితం తీసుకుని ఆ ముక్క ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత, "అదీ నిజమేలే" అన్నాడు.

ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పెళ్ళయ్యాక ఆయన నా మాట పూర్తిగా విన్నది అదే మొదటిసారి. వ్యాసం నేర్చుకోవడమే కాదు, మొగుణ్ణి కూడా దొరకబుచ్చుకున్నాననుకున్నాను. పిచ్చిదాన్ని.

ప్రతి శనివారం బందరు వెళ్ళడానికి ఇంట్లో ఒప్పించడమూ ఆ పద్ధతిలోనే అయింది. పసిదాన్ని వదిలి ఊళ్ళు తిరగడమేంటని అత్తయ్య మొహం మాడ్చుకుంది. పోట్లాడలేదు నేను. "మీరన్నది నిజమే అత్తయ్యా. పాపకి జ్వరమొస్తే తల్లి పక్కనుండాలి. మీకా మోకాళ్ళ నొప్పులు, దాని వెనకాల పరిగెత్తలేరు" అన్నాను. ఆవిడ తలూపింది. "అయినా శనివారం మీ అబ్బాయి మధ్యాహ్నానికే ఇంటికొస్తారు. పొద్దుట పని నేను చేసే వెళ్తాను" అన్నాను.  సరే వెళ్ళిరా అంది. ఆ వారమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

మా ఆయన నాకు పరీక్షాధికారి అయిపోయాడు. ఫోన్లో టైము పెట్టి, అయిపోగానే పేపరు లాక్కునేవాడు. చదివి తప్పులు చెప్పేవాడు. "ఇక్కడ ఇంకొంచెం ఒప్పుకో. ఇంత తొందరగా కాదంటే అవతలివాడు చెవులు మూసుకుంటాడు. నేను చెరువు మీద అంతే చేస్తా, ముందు వాడి పాత మేతని పొగుడుతా" అనేవాడు. ఎంత బాగా పట్టుకున్నాడని మురిసిపోయి, మేష్టారు చెప్పిన ప్రతి ముక్కా ఇంటికొచ్చి ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. మంచి శిష్యుడు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

పరీక్షలో చెరువులు రాలేదు. పిల్లలు తక్కువున్న ఊరి బడులు మూసేసి పెద్ద బడిలో కలపడం సబబేనా అని అడిగారు. సబబు కాదని రాయడం మొదలుపెట్టాను. రెండు కారణాలు నిలబెట్టాక, మా ఊళ్ళో నిజంగా ఆ మాటనే ఒక తండ్రిని తలుచుకున్నాను. ఐదు తరగతులకీ ఒక్క పంతులుంటే నా పిల్లాడికి ఏం వస్తుంది, దూరమైనా పెద్ద బడే నయం అంటాడాయన. ఆయన మాట ఆయన గొంతుతోనే రాశాను. రాస్తుంటే ఆయన తలూపడం కళ్ళకి కట్టింది. నిజమే, ఒక్క పంతులున్న బడి బడి కాదు, అయినా దానికి మందు రెండో పంతుల్ని వెయ్యడం, బడికి తాళం వెయ్యడం కాదు అని రాశాను. దూరమైతే ముందు మానేది ఆడపిల్లే అని ముగించి కలం మూస్తుంటే బెల్లు కొట్టారు. పక్క బల్ల మీద ఒకమ్మాయి ఇంకా అభ్యంతరాలే రాస్తోంది, ఆ అమ్మాయి చేతిలోంచి పేపరు లాక్కున్నారు. పాపం అనుకున్నాను.

ఉద్యోగం వచ్చింది. ఆ మాట రాయడానికి నాకిప్పుడు కూడా చెయ్యి ఆడదు. ఉద్యోగం నాకు వచ్చిందండీ.

పోస్టింగు రాష్ట్రానికి ఆ చివర, కొండల్లో ఒక మండలానికి వేశారు. ఫలానా తేదీలోపల చేరకపోతే వదులుకున్నట్టే అని ఆర్డర్లో ఉంది. మా ఆయన స్వీట్లు పంచాడు, చెరువుల వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు. ఆ ఆదివారం మమ్మల్ని మంగినపూడి తీసుకెళ్ళాడు. పాప ఇసకలో ఆడుతోంది. నీళ్ళ వైపు చూస్తూ, "మరి పాప సంగతేంటి?" అన్నాడు. అక్కడ మొదలైంది.

చెప్పాను. నాతో తీసుకెళ్తాను, అక్కడా బడులుంటాయి, అక్కడా పిల్లలు పెరుగుతున్నారు. అమ్మ సంగతి అన్నాడు. రమ్మందాం, లేదంటే మీ చెల్లెలి అత్తారిల్లు దగ్గర్లోనేగా అన్నాను. నా ఉద్యోగం అన్నాడు. అటువైపు తీరంలోనూ చెరువులున్నాయి, మీ కంపెనీ అక్కడా అమ్ముతోంది, మార్చమని అడగండి అన్నాను. కొత్త చోటు, ఒంటరి ఆడది అన్నాడు. మీరొస్తే ఒంటరి ఎందుకవుతాను అన్నాను. రోజుకొకటి తెచ్చేవాడు, తెచ్చినదానికల్లా నా దగ్గర జవాబుండేది. ముందు ఒప్పుకుని, తర్వాతే కాదనేదాన్ని. ఒకరోజు చేతులెత్తేశాడు. "నీతో గెలవలేం బాబూ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అటక మీది పెట్టె దింపాలి అనుకున్నాను.

ఆ సాయంత్రం చాప పరిచినప్పుడు, "ఈ పోస్టింగు విషయం ప్రార్థనలో పెడదాం" అన్నాడు. సంతోషంగా కూర్చున్నాను. ప్రయాణానికి దీవెన అడుగుతాడనుకున్నాను.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "తండ్రీ, నీ కుమార్తె పడ్డ కష్టం నీకు తెలుసు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని చదివింది. బందరు రైల్లో నిలబడి చదివింది. మాకు వండిపెట్టి, తాను తిన్నదో లేదో మేం అడక్కపోయినా చదివింది. ఆమె కోరుకున్నది తప్పు కాదు ప్రభువా. ఆ ఉద్యోగానికి ఆమెకన్నా తగినవాళ్ళు లేరు. ఆమెని ఆపే హక్కు మాలో ఎవరికీ లేదు." నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఎవరన్నారు నన్ను ఆ మాట? తల ఊగుతోంది నాకు. తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయాను.

"అయినా ప్రభువా," అన్నాడు.

 కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఈ పసిదానికి తల్లీ తండ్రీ ఒక్క కప్పు కింద ఉండాలన్నది నీ చిత్తమైతే, ఆ దూరపు ద్వారం నీవే మూసి దగ్గరలో ఇంకొకటి తెరువు తండ్రీ. మా అందరికీ ఒక్క మనసు దయచెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం." అత్తయ్య ఆమెన్ అంది. పాప ముద్దుగా ఆమెన్ అంది. నా నోట్లోంచి కూడా వచ్చేసింది. వచ్చాక వినపడింది నాకు.

పొద్దున్నే పెట్టె దింపుతుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. "అదెందుకిప్పుడు?"

"చేరొద్దూ?"

"రాత్రి ప్రార్థనలో పెట్టేశాంగా." గొంతు ఎంత మెత్తగా ఉందో. "నువ్వూ ఆమెన్ అన్నావు కదా."

ఒళ్ళు మండిపోయింది. అరిచాను. నా పేరా నాకే చదివి వినిపిస్తారా అన్నాను. మీరు దేవుడితో మాట్లాడారా, నాతో మాట్లాడారా అన్నాను. నాతో అయితే నాకు జవాబు చెప్పే వంతు ఏది? వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. "సందేళ దేవుడి ముందు ఒక మాట, పొద్దున్నే ఒక మాటా అమ్మాయ్?" అంది.

"ఏదో అలవాటుగా వచ్చిందత్తయ్యా ఆ మాట. మనసులోంచి రాలేదు."

ఆవిడ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "ఆమెన్ అలవాటుగా అంటున్నావా ఇన్నాళ్ళూ?" అంది.  అవునంటే ఇంతకాలం దేవుడి ముందు అబద్ధమాడినదాన్ని. కాదంటే ఉద్యోగం వద్దన్నదాన్ని. మా నాన్నకి ఫోన్ చేశాను, ఆయనన్నా నా వైపు నిలుస్తాడని. మొత్తం విని, "ఆమెన్ అన్నాక ఇంకేముందమ్మా" అన్నాడు. ఫోన్ విసిరికొట్టాను.

ఇక్కడ మీరు ఏమంటారో నాకు తెలుసు. చదువుకున్నదానివి, ఆర్డరు చేతిలో ఉంది, ఎవరూ కాళ్ళు కట్టెయ్యలేదు, ఎవరూ కొట్టలేదు, బస్సెక్కి వెళ్ళిపోలేకపోయావా అంటారు. నిజమే. వెళ్ళినవాళ్ళున్నారు. నాకన్నా మొండి మొగుళ్ళని ఎదిరించి వెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళున్నారు. వాళ్ళని చూస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా, మీకొక్క సంగతి చెప్పలేదు. వెళ్ళిపోతానని నేనంటే మా ఆయన వద్దనలేదు. "వెళ్ళు. పాపని మాత్రం ఇక్కడ వదిలేసి వెళ్ళు" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. అప్పుడు అది నా కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. మీరైతే వెళ్ళేవాళ్ళేమో. నేను వెళ్ళలేకపోయాను.

చేరాల్సిన తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు గోంగూర పచ్చడి నూరాను, బట్టలుతికాను. దగ్గరలో తెరుస్తానన్న ద్వారం ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

మేష్టారికి చెప్పకుండా ఉండలేక బందరు వెళ్ళాను. వరండాలో కొత్తవాళ్ళు రాసుకుంటున్నారు, బల్ల మీద అదే గడియారం. పక్కకి పిలిచి అంతా చెప్పాను. పెద్దాయన, ఓదారుస్తారనుకున్నాను.

"అతను చెప్పిన పేరా బాగుందా?" అని అడిగారు.

"బాగుందండీ. నేను తలూపాను."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "పరీక్ష పేపర్లో అవతలివాడికి నోరుండదమ్మా. మనం ఏం రాస్తే అదే అంటాడు. అందుకే నేర్పడం సులువు" అన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. తాగకుండా వచ్చేశాను.

ఇప్పుడు గుడివాడలోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతున్నాను. పదో తరగతికి వ్యాసం నేనే చెప్తాను. అవతలివాడి మాట ఎలా రాయాలో చెప్తాను, ఎక్కడ పెట్టాలో చెప్తాను, టైము ఎలా చూసుకోవాలో చెప్తాను. సాయంత్రం చాప మీద కూర్చుంటాను, కానీ ఆమెన్ అనడం మానేశాను. పళ్ళు బిగించి కూర్చుంటాను. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మా ఇంట్లో వాదించరని చెప్పానుగా.

పోయినేడాది చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు. మా ఆయనా లేచాడు. ఈ మధ్య సంఘంలో పెద్దయ్యాడు, మైకు ఆయనకి అలవాటే. "నా భార్యకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని మీకందరికీ తెలుసు. కుటుంబం కోసం, బిడ్డ కోసం, తనంతట తానే వద్దనుకుంది. ఇలాంటి భార్యనిచ్చినందుకు ప్రభువుకి స్తోత్రం" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి తలలన్నీ నావైపు తిరిగాయి. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. మా చర్చి పాస్టరు అయ్యగారు నవ్వుతూ, "అమ్మా, మీరూ ఒక మాట చెప్పండి" అన్నారు.

లేచి నిలబడ్డాను. 

"మా ఆయన చెప్పింది నిజమేనండీ" అన్నాను. "నాకు ఉద్యోగం వచ్చింది, నిజం." ఎదురుగా ఆయన తలూపాడు. "మా పాప తల్లి దగ్గరా తండ్రి దగ్గరా పెరిగింది. అది దానికి మంచే జరిగింది, అదీ నిజం." ఇంకా గట్టిగా ఊపాడు. "ఈయన నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమే అంటారు అందరూ." ఆయన మొహం వెలిగిపోతోంది, తల ఊగుతూనే ఉంది.

"అయినా, ఆ ఉద్యోగం నేను వద్దనలేదండీ" అన్నాను. "వద్దని నేనెవరితోనూ అనలేదు."

కూర్చున్నాను.  వెనక బెంచీలోంచి చెవులు సరిగ్గా వినపడని ఒక ముసలాయన అలవాటుగా ఆమెన్ అన్నాడు. అయ్యగారు గబగబా పాట నంబరు చెప్పేశారు.

ఏమొచ్చింది దానివల్ల? ఏమీ రాలేదు. బెల్లు ఎప్పుడో కొట్టేశారు, బెల్లయ్యాక రాసినదానికి మార్కులుండవని నాకు తెలీదా. అత్తయ్య ఆటోలో వెళ్ళిపోయింది, నావైపు చూడలేదు. పాపని ముందు కూర్చోబెట్టుకుని ఆయన బండి తీశాడు, నేను వెనకెక్కాను. రైలు గేటు దగ్గర ఆపాల్సొచ్చింది. వెనక్కి తిరక్కుండానే, "అంతమందిలో నా పరువు తీస్తావా? ఆ మాట ఇంట్లో అంటే సరిపోదూ?" అన్నాడు. ఆ గొంతు ఈసారి మెత్తగా లేదు.

"మీరూ తలూపారు కదండీ" అన్నాను.